మా నాయన నెత్తి మీది తట్ట

నా చిన్నప్పుడు మా ఇంట్లో బరువు అంటే నెత్తిన పెట్టుకునేదే, దానికి ఇంకో అర్థం ఉందని నాకు తెలియదు. అమ్మా నాయనా ఇద్దరూ ఇళ్లు కట్టే చోట తట్టలు మోసేవాళ్లు. ఇసుక కానీ, కంకర కానీ, తడి సిమెంటు కానీ, తట్టలోకి ఎత్తడం, నెత్తి మీద చుట్టబట్ట పెట్టుకుని మోయడం, ఇదే పని. నల్లగొండ దిక్కు మా ఊళ్లో వానకు పండే చెలక ఎండిపోతే, నాకు ఊహ తెలియకముందే నన్ను చంకనేసుకుని వచ్చి దిల్‌సుఖ్‌నగర్ వెనక గల్లీలో ఒక గది కిరాయికి తీసుకున్నారు. అప్పట్లో అక్కడినుంచి ఎల్‌బీ నగర్ దాకా ఖాళీ జాగాలే ఎక్కువ. తుమ్మ చెట్లు, బండరాళ్లు, మధ్యమధ్య కొత్తగా లేస్తున్న గోడలు. ఇప్పుడు మెట్రో స్టేషన్ మెట్ల మీద నిలబడి ఆ సంగతి చెబితే మా మనవరాలు నన్ను ఎగాదిగా చూస్తుంది.

బరువు మోసేవాళ్లకు ఒక మర్యాద ఉండేది. నిండు తట్ట నెత్తికి ఎత్తాలంటే ఒకరు చెయ్యి వేయాలి, దించాలన్నా ఒకరు చెయ్యి వేయాలి. ఒంటిగా దించుకోబోతే మెడ పట్టేస్తుంది. అందుకని ఎంత పగ ఉన్నా, మాటలు లేకపోయినా, బరువుతో వచ్చి ఎదురుగా నిలబడ్డ మనిషికి చెయ్యి వేసి తీరాలి. కాదంటే పాపమని మావాళ్ల నమ్మకం. మా అమ్మా నాయనా పొద్దున్నే దేనికో ఒకదానికి పోట్లాడుకునేవాళ్లు. చారులో ఉప్పు తక్కువైనా చాలు, పనికి పోయేటప్పుడు వీధికి చెరో పక్కన నడిచేవాళ్లు. సెలవు రోజుల్లో నేను కూడా వెంట వెళ్లేదాన్ని కాబట్టి నా కళ్లతో చూశాను. మధ్యాహ్నానికి నాయన తట్టతో వచ్చి అమ్మ ముందే నిలబడేవాడు. చుట్టూ ఇంకా పదిమంది ఉన్నా సరే, ఆమె ముందే. అమ్మ మూతి ముడుచుకునే తట్ట దించేది. ఆయన నవ్వేవాడు. వాళ్ల తగువు అంతటితో తీరిపోయేది.

మా పక్క గదిలో ఒక అక్క ఉండేది. వాళ్లది పోచంపల్లి దిక్కు మగ్గాల ఊరు. మగ్గం గిట్టుబాటు కాక వాళ్ల నాయన ఇక్కడ బట్టల దుకాణంలో పనికి కుదిరాడు. ఆ అక్క కోఠీలో కాలేజీకి వెళ్లేది. మా గల్లీలో కాలేజీ గడప తొక్కిన ఆడపిల్ల ఆమె ఒక్కతే కాబట్టి, దారిన పోతుంటే ముసలమ్మలు కూడా ఆగి చూసేవాళ్లు. సాయంత్రం నల్లా దగ్గర బిందెలు వరసలో పెట్టి, నీళ్లు వచ్చేదాకా పిల్లలందరినీ కూర్చోబెట్టుకుని ఒక ఆట ఆడించేది. ఆ ఆటకు గవ్వలు అక్కర్లేదు, బంతి అక్కర్లేదు. "మనసుల పెట్టి సూడున్రి" అనేది, అంతే, ఆట మొదలైనట్టే.

పెద్ద బండ, చిన్న రాయి ఒకేసారి మేడ మీదినుంచి వదిలితే ఏది ముందు పడుతుందని అడిగేది. బండే అని మేమంతా అరిచేవాళ్లం. సరే, ఆ రెంటినీ తాడుతో కట్టి వదలండి అనేది. చిన్నది మెల్లగా పడేదైతే పెద్దదాన్ని వెనక్కి లాగాలి కదా, మరి రెండూ కలిస్తే ఇంకా బరువు కాబట్టి ఇంకా తొందరగా పడాలి కదా, రెండూ ఎట్లా నిజమవుతాయని మమ్మల్నే అడిగేది. మేం తలలు గోక్కునేవాళ్లం. అందుకే రెండూ ఒక్క తీరుగానే పడాలి అని చివరికి తనే తేల్చేది. ఇంకోరోజు భూమికి ఈ పక్కనుంచి ఆ పక్కకు బావి తవ్వి అందులో దూకితే ఏమవుతుందని అడిగింది. అవతలి ఒడ్డు దాకా పోయి, ఒక్క క్షణం ఆగి, మళ్లీ వెనక్కి పడతామట. గడపలో కూర్చుని బీడీ తాగుతున్న మా నాయన ఆ మాట విని, "ఆగినప్పుడు ఎవలన్న చెయ్యందిస్తె సరి బిడ్డా, లేకుంటె జిందగీ అంతా ఊగుడే గదా" అన్నాడు. అక్క నవ్వి నవ్వి బిందె మీద వాలిపోయింది.

ఆ ఏడు వేసవి సెలవులు ఇంకా మొదలుకాకముందే మా నాయన పోయాడు.

ఆరోజు దగ్గరలోనే ఒక ఇంటికి రెండో అంతస్తు మీద స్లాబు వేస్తున్నారు. స్లాబు అంటే మావాళ్లకు పండుగ లాంటిది, యుద్ధం లాంటిది కూడా. పొద్దున మొదలుపెడితే మధ్యలో ఆపకూడదు, పడమటికి పొద్దు వాలేలోపు పని పూర్తి కావాలి. చివర్లో ఇంటి యజమాని అందరికీ దావత్ ఇస్తాడు. అమ్మ కింద తట్టలు నింపుతోంది. కర్రలకు పలకలు కట్టి వేసిన దారి మీదుగా నాయన నిండు తట్టతో పైకి పోతున్నాడు. పైదాకా పోయినంక కాలి కింద పలక జరిగింది. తట్టతో సహా పడిపోయాడు. అమ్మ తల ఎత్తి చూస్తుండగానే జరిగింది. దవాఖానకు తీసుకుపోయేలోపే ప్రాణం పోయింది. నేను అప్పుడు బడిలో పంతులుకు ఎక్కాలు అప్పజెబుతున్నాను.

స్లాబు మాత్రం ఆగలేదు. సగంలో ఆపితే అతుకు దగ్గర నీళ్లు కారతాయి, అది ఆ పని తీరు. నాకు తెలుసు, అర్థమవుతుంది కూడా. అయినా తలచుకుంటే ఇన్నేళ్లకూ ఒళ్లు మండుతుంది.

మూడోనాడు సరూర్‌నగర్ చెరువు గట్టు మీద పిట్టకు పెట్టారు. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి విస్తట్లో పెట్టి దూరంగా జరిగి నిలబడతారు. కాకి వచ్చి ముట్టితే మనిషి తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే ఏదో మనసులో పెట్టుకుని తిరుగుతున్నట్టు. మా నాయనకు ఉడకబెట్టిన గుడాలంటే ప్రాణం, చేపల పులుసంటే ప్రాణం. అన్నీ పెట్టారు, పక్కన కల్లు కూడా పోశారు. కాకులు తుమ్మ కొమ్మ మీద కూర్చున్నాయి కానీ ఒక్కటీ దిగలేదు. ఎండ నెత్తికెక్కింది. ఊరినుంచి వచ్చిన పెద్దవాళ్లు ఒక్కొక్కరే ముందుకు వచ్చి మాట ఇవ్వడం మొదలుపెట్టారు. మా మేనమామ, "నీ బిడ్డను నా బిడ్డలెక్క సూస్త బావా, రా, ముట్టు" అని చేతులు జోడించాడు. నాయనమ్మ ఏడుస్తూ ఏవేవో చెప్పింది. కాకులు కదలలేదు.

అప్పుడు అమ్మ నోరు తెరిచింది. నాయన పోయిన రోజు నుంచి ఆమె ఒక్క మాట మాట్లాడలేదు, కన్నీటి చుక్క రాల్చలేదు. "ఆయన నెత్తి మీద తట్ట అట్లనే ఉన్నది. ఎవ్వలు దించలే. నెత్తి మీద బరువు పెట్టుకొని ఎట్ల తింటడు?" అంది.

ఇక చూడండి, ఆడవాళ్లందరూ ఒక్కసారిగా గొల్లుమన్నారు. మగవాళ్లు తలలు దించుకున్నారు. బరువు మోసేవాళ్ల కులానికి అంతకంటే ఘోరమైన చావు ఇంకోటి లేదు. విస్తట్లోని అన్నం, గుడాలు ఆవుకు పెట్టేసి ఇంటికి వచ్చాం.

ఆ సాయంత్రం నుంచి అమ్మ అన్నం మానేసింది. ఎవరు బతిమాలినా ఒకటే మాట, "ఆయన తినలే, నేనెట్ల తినాలె?" గోడకు ఆనుకుని కూర్చుని మెడ పట్టుకునేది, తన నెత్తి మీదే ఏదో ఉన్నట్టు. నీళ్ల బిందె తల మీద పెట్టుకోబోతే బిందె జారిపోయింది. పరామర్శకు వచ్చేవాళ్లు ఊరికే ఉంటారా, తలా ఒక మాట విసిరిపోయేవాళ్లు. నెత్తి మీద బరువు ఉండబట్టే అంత జోరుగా పడ్డాడనీ, తట్టే ఆయనను కిందికి గుంజుకుపోయిందనీ అనేవాళ్లు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఏమిటో నాకు ఆ రోజుల్లోనే తెలిసింది. మేనమామ పదకొండోనాడు పెద్దదినం కాగానే మమ్మల్ని ఊరికి తీసుకుపోతానన్నాడు. బడి పోతుందని నాకు బెంగ లేదు. అమ్మ చెంపలు లోపలికి పోతున్నాయి, పెదవులు ఎండి పగులుతున్నాయి. నాయన వెనకే అమ్మ కూడా పోతుందేమోనన్న భయం ఒక్కటే నాకు తిండి సహించకుండా చేసింది.

ఆ భయంతోనే నల్లా దగ్గర అక్కను పట్టుకుని అడిగాను, తట్ట ఉంటే మనిషి జల్దీ పడతాడా అని. అక్క బండను, రాయిని గుర్తు చేసి, లేదు, తట్ట ఉన్నా లేకున్నా ఒక్క తీరుగానే పడతారు, తట్ట ఆయనను గుంజలేదు అని చెప్పింది. నాకు కొండంత బలం వచ్చింది. ఒక్క పరుగున ఇంటికి వెళ్లి అమ్మ ఒళ్లో చేతులు పెట్టి ఆ మాట అప్పజెప్పాను. అమ్మ నన్ను కొట్టలేదు, తిట్టలేదు. నీరసంగా చూసి, "జల్ది పడ్డడో, నిమ్మళంగ పడ్డడో, నాకెందుకే? నెత్తి మీద ఉన్నదా లేదా? గది జెప్పు" అంది. మొదటిసారి అక్క ఆట మీద నాకు కోపం వచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం అక్క కాలేజీకి పోకుండా మా గదికి వచ్చింది. వచ్చిన మనిషి ఓదార్పు మాటలేవీ చెప్పలేదు. చాప కూడా వేసుకోకుండా అమ్మ పక్కన నేల మీద కూర్చుని, సంబంధం లేకుండా ఇటుకల గురించి అడగడం మొదలుపెట్టింది. లారీ మీదినుంచి ఒకరు ఇటుకలు వదులుతుంటే కింద అందుకునేవాళ్లు చేతులు ఎట్లా పెడతారని అడిగింది. ఇంత దుఃఖంలో ఇదేం పిచ్చి ప్రశ్న అని మా నాయనమ్మ కళ్లురిమింది. కానీ పని గురించి అడిగితే పని చేసే మనిషి చేతులు ఊరుకోవు. అమ్మ తనకు తెలియకుండానే రెండు చేతులు ముందుకు చాచింది.

"ఇటుక చేతిల పడంగనే చేతుల్ని దాని ఎంబడే కిందికి ఇడుస్తం. గట్టిగ పట్టుకుంటే ఏళ్లు నలుగుతయి" అంది.

"ఎంబడే ఇడిచినప్పుడు బరువు తెలుస్తదా చిన్నమ్మా?"

అమ్మ చాచిన చేతులు గాలిలోనే మెల్లగా కిందికి దించింది. మళ్లీ పైకెత్తి మళ్లీ దించింది. "తెల్వదు. చేతులు ఆపినంకనే తెలుస్తది."

అక్క ఇంకొంచెం దగ్గరికి జరిగింది. పాతికేళ్లు కూడా లేని పిల్ల, ఎవరి చావు గురించో ఆ ఇంటి మనిషికి చెప్పబోతోంది. "గట్లనే చిన్నమ్మా. కింద ఏదన్న ఆపితేనే బరువు. జర మనసుల పెట్టి సూడు. పలక జరిగినంక చిన్నాయన నెత్తి ఆ తట్టను ఆపలే. చిన్నాయనెంత జోరుగ పోతున్నడో తట్ట గూడ అంతే జోరుగ పోతున్నది. దాని బరువు ఆయన మీద లేదు. ఆయన బరువు గూడ ఆయనకు లేదు. కాలు జారంగనే తట్ట దిగింది. ఎవ్వలు దించకున్న, దానంతట అదే దిగింది."

అమ్మ చేతులు ఇంకా గాలిలోనే ఉన్నాయి. లేని ఇటుకను అందుకుంటూ, దాని వెంటే కిందికి పోనిస్తూ, అట్లా ఎంతసేపు చేసిందో. పుస్తకంలో ఉందని చెబితే అమ్మ నమ్మేది కాదు. పూజారి చెబితే నమ్మేదేమో కానీ ఆ పూజారి మా గడపకు రాడు. ఆ మాట అమ్మ తన చేతుల్లోంచే విన్నది, అందుకని నమ్మింది. చేతులు ఒకసారి కిందికి వెళ్లి, వెళ్తూ వెళ్తూ నేలకు దగ్గరగా ఆగిపోయాయి. అమ్మ చూపు కూడా అక్కడే, ఆ నేల మీదే ఆగింది. తలెత్తి అక్క వైపు చూసింది. నాకు ఆ చూపు అర్థం కాలేదు కానీ అక్కకు అర్థమైంది. ఏదో చెప్పబోయి నోరు తెరిచి, చెప్పలేక నా వైపు తిరిగింది.

"సాలు బిడ్డా" అంది అమ్మ. "ఆడిదాంకనే జెప్పు."

ఆ మాటతో పాటే అమ్మకు ఏడుపు వచ్చింది. అన్నిరోజులకు వచ్చిన ఏడుపు. అక్క మెడ చుట్టూ చేతులు వేసి, చిన్నపిల్లలా ఏడ్చింది. నాయనమ్మ ఏడ్చింది, నేనూ ఏడ్చాను. ఏడ్చి ఏడ్చి అలిసిపోయాక అమ్మ నన్ను పిలిచి, గిన్నెలో ఏమన్నా ఉందా అని అడిగింది. చద్దన్నం ఉంది. మజ్జిగ పోసి ఇస్తే నాలుగు ముద్దలు తిన్నది. ప్రతి ముద్దకూ కళ్లు తుడుచుకుంది. నేను పక్కనే కూర్చుని, ముద్ద నోట్లోకి పోయేదాకా చూశాను.

పెద్దదినం రోజున మళ్లీ పిట్టకు పెట్టారు. నిజం చెప్పాలంటే, ఈసారి కాకి వస్తుందని నేను ఆశపడ్డాను. రాలేదు. అవే తుమ్మ కొమ్మలు, అవే కాకులు, అదే మొండితనం. మేనమామ మళ్లీ చేతులు జోడించబోతే అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "తినబుద్ధి గాలేదేమో తియ్యి. ఆయన నెత్తి మీద మాత్రం ఏం లేదు" అని కొంగు దోపుకుని ఇంటి దారి పట్టింది. ఊరికి పోదామన్న మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఆ నెల తిరిగేలోపు అమ్మ ఎల్‌బీ నగర్ అడ్డా మీద కూలీల మధ్య నిలబడింది. నేను బడికి పోయాను.

తర్వాత చాలా ఏళ్లు అమ్మ తట్ట మోస్తూనే ఉంది. నన్ను చదివించింది, పెళ్లి చేసింది. ఆ మోతలో ఆమె మెడ కాస్త ముందుకు వంగిపోయి మళ్లీ నిటారుగా నిలబడలేదు. పడిపోయిన మనిషికి బరువు దిగింది, నిలబడ్డ మనిషి మీదే ఉండిపోయింది. ఈ న్యాయం ఎవరిదో నాకు తెలియదు కానీ, బతికినన్నాళ్లూ అమ్మ ఎన్నడూ నాయనను తలచుకుని మెడ పట్టుకోలేదు. ఆమె కూడా పోయి కొన్నేళ్లయింది. అక్క మాత్రం నాయన పోయిన మరుసటి ఏడే పెళ్లయి ఎటో వెళ్లిపోయింది. వాళ్ల ఇంటివాళ్లు కూడా ఖాళీ చేసి పోయారు. ఆమె చేసిన మేలుకు థాంక్స్ అన్న మాట కూడా చెప్పలేకపోయాను.

నాయన పడిన ఇల్లు ఇప్పుడు లేదు. దాన్ని కూలగొట్టి పెద్ద బిల్డింగ్ కట్టారు. పొద్దున్నే పిల్లలు సంచులు మోసుకుంటూ అందులోకి కోచింగ్‌కు పోతుంటారు. మా మనవరాలు కూడా అట్లాంటి ఒక దాంట్లోనే చదువుతోంది, ఎంట్రన్స్ రాయాలట. సాయంత్రం వచ్చి నా పక్కన కూర్చుని లెక్కలు పైకి చదువుతూ చేయడం దాని అలవాటు. మొన్నొకరోజు అలాగే చదివింది. ఒక మనిషి నెత్తి మీద మూటతో మేడ మీదినుంచి పడుతున్నాడు, పడుతున్నంతసేపూ మూట అతని తల మీద ఎంత బలం చూపుతుంది? పెన్ను కూడా ఎత్తకుండా, "సున్నా, గింతే గదా అమ్మమ్మా" అంది. అవును తల్లీ, సున్నా అన్నాను. అది పేజీ తిప్పింది.

ఆ లెక్కకు రెండో భాగం ఉంది. అదే మనిషి నేలను తాకేటప్పుడు అతని వేగమెంత అని. అది చదవడం మొదలుపెట్టగానే నేను లేచి, పొయ్యి మీద పాలు ఉన్నాయని చెప్పి వంటింట్లోకి వెళ్లిపోయాను. పొయ్యి మీద పాలు లేవు. ఆ లెక్క ఎట్లా ముగుస్తుందో నాకు తెలియక కాదు. నా లెక్కలో మా నాయన ఇంకా నేలను తాకలేదు.